మంచం కింద నాలుగు పలకలు

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖ మీదికి వచ్చిన రోజు. పదకొండు గంటల వేళకి నేనూ మా అత్తయ్యా భోజనాల బల్లని అడ్డంగా నిలబెట్టి, పడగ్గది కిటికీకి ఆనించి, దానికి వీపులు పెట్టి నేల మీద కూర్చున్నాం. పెదవాల్తేరులో మూడో అంతస్తు. మావారు హైదరాబాదులో ఉన్నారు, ఫోన్లు పోయాయి. తొమ్మిదేళ్ల మా అబ్బాయిని బాత్రూములో పరుపు వేసి కూర్చోబెట్టాం. ఇంట్లో కిటికీ లేని చోటు అదొక్కటే.

అంతకు ముందు అరగంట వరకూ ఆ కిటికీకి అద్దాలున్నాయి. అల్యూమినియం స్లైడింగ్ కిటికీ. ముందు అద్దం పగులుతుందేమో అనుకుని దూరంగా నిలబడ్డాం. అద్దం పగల్లేదు. రెక్కకి రెక్కే పట్టాలో గడగడలాడి, పైకి లేచి, జారి మంచం మీదికి వచ్చి పడింది. పడ్డాక పగిలింది. దాని వెనకే వాన, ఆకులు, ఎవరి మేడ మీదిదో తెలియని ప్లాస్టిక్ ట్యాంకు మూత ముక్క ఒకటి. గది తలుపు దానంతటదే ధడాలున మూసుకుంది. ఆ తలుపు తీసుకుని లోపలికి వెళ్లడానికి ఇద్దరం కలిసి తొయ్యాల్సి వచ్చింది.

పన్నెండు దాటాక ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. బాబు బయటికి వచ్చాడు. నేను బల్ల పక్కకి జరిపి గాజు ముక్కలు ఊడవడం మొదలుపెట్టాను. అత్తయ్యది శ్రీకాకుళం తీరంలో సోంపేట వైపు, తుఫానులు అలవాటైన చోటు. ఆవిడ కదల్లేదు. "ఇంకా అయిపోలేదమ్మాయ్. ఇది నడిమి గాలి. ఇప్పుడు వెనక నుంచి కొడుతుంది, వంటింటి కిటికీ చూడు" అంది. నేను ఇంటర్మీడియట్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను. తుఫాను కన్ను గురించి, అంటే తుఫాను మధ్యలో గాలి ఆగిపోయే భాగం గురించి, కన్ను దాటాక గాలి దిక్కు తిరగడం గురించి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పగలను. కానీ ఆ దిక్కు మా వంటింటి కిటికీ దిక్కు అని ఆ నిమిషంలో నాకు తట్టలేదు. ఆవిడకి తట్టింది. మేము బల్లని మోసుకుని వంటింట్లోకి వెళ్లేలోపే రెండో గాలి మొదలైంది.

ఇదంతా చెప్పడం నా ధైర్యం చాటుకోవడానికి కాదు. గాలి పూట మేము చేసింది ఎలాగోలా గడిచింది. అసలు తిప్పలు మర్నాటి నుంచి.

విరిగిన కిటికీకి చెక్క కొట్టించాలి. ఇంతే పని. అమెరికాలో, ఇంగ్లండులో దీనికి వేరే వృత్తే ఉందట. అర్ధరాత్రి ఫోన్ చేసినా వ్యానులో ప్లైవుడ్ పలకలు, డ్రిల్లు, జెనరేటరు వేసుకుని వస్తారట. మన ఊళ్లో వడ్రంగి ఉన్నాడు, గ్లాసు షాపువాడున్నాడు, వెల్డింగువాడున్నాడు. ముగ్గురూ మంచివాళ్లే. కానీ ఊరు ఊరంతా ఒక్క రోజే కిటికీలు పోగొట్టుకుంటే ఆ ముగ్గురి ఇళ్ల కిటికీలు కూడా పోయి ఉంటాయి కదా! ప్లైవుడ్ దుకాణాలు మూడు రోజులు తెరవలేదు. తెరిచిన చోట గోడౌనులో నీళ్లు, తడిసి పొరలు విప్పుకున్న షీట్లు. నాలుగో రోజు మా వడ్రంగి సైకిలు మీద వచ్చాడు, ఎక్కడో దొరికిన రెండు ముక్కలు వీపుకి కట్టుకుని. మేకు కొడితే కాంక్రీటులో దిగదు, వంగిపోతుంది. "డ్రిల్లు పెట్టాలమ్మా. డ్రిల్లుంది. కరెంటేది?" అన్నాడు. నిజమే. మా వీధికి కరెంటు తొమ్మిదో రోజు వచ్చింది.

ఆ తొమ్మిది రోజులూ మా పడగ్గది కిటికీని కాపలా కాసింది ఒక నగల దుకాణం ఫ్లెక్సీ. ఊళ్లో హోర్డింగులన్నీ కూలి ఆ ఫ్లెక్సీలు రోడ్ల మీద పడి ఉంటే, కోసుకున్నవాళ్లకి కోసుకున్నంత. మాకు వచ్చిన ముక్కలో వడ్డాణం, సగం నడుమూ ఉన్నాయి. పక్కింటివాళ్లకి ఒక నాయకుడి చెయ్యి వచ్చింది, అభివాదం చేస్తూ. నవ్వుకున్నాంలెండి. కానీ రాత్రి గాలి కాస్త వీచినా ఆ ఫ్లెక్సీ డప్పు కొట్టినట్టు కొట్టుకునేది, బాబు ఉలిక్కిపడి లేచేవాడు.

అప్పటి నుంచి నాకు ఒకటే అభిప్రాయం. అపార్ట్‌మెంటు మీటింగుల్లో చెప్పి చెప్పి అందరి చేతా విసుగు అనిపించుకున్నాను, ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను. తీరం ఊళ్లో కిటికీకి చెక్క కొట్టడం తుఫాను తర్వాత చేసే రిపేరు పని కాదు. ముందు చేసుకోవాల్సిన పని. పలక ముందే కొని, ముందే కొలత తీసి, ముందే కోసి, ఏ కిటికీదో దాని మీద నంబరు వేసి ఇంట్లో పెట్టుకోవాలి. గాలి తర్వాత ఊళ్లో పలక ఉండదు, మనిషి ఉండడు, కరెంటు ఉండదు.

కిటికీ పోతే పోయింది, నాలుగు వేలు పెడితే కొత్తది వస్తుంది, దానికింత గొడవెందుకు అనేవాళ్లుంటారు. వాళ్ల కోసం కాస్త లెక్క. క్లాసులో చెప్పినట్టు ఉంటే క్షమించాలి.

మన దేశంలో భవనాల మీద గాలి ఎంత బలంగా తోస్తుందో లెక్క కట్టడానికి ఐఎస్ 875 మూడో భాగం అనే ప్రమాణం ఉంది. అందులో విశాఖపట్నానికి ఇచ్చిన మూల గాలి వేగం, అంటే లెక్కకి ఆధారంగా తీసుకునే వేగం, సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. హుద్‌హుద్ తీరం దాటినప్పటి గాలి కూడా అటూ ఇటూగా అంతే. ఆ వేగాన్ని వర్గం చేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకి 1500 న్యూటన్లు. నాలుగడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు ఉన్న కిటికీ మీద అది రెండు వందల కిలోల పైమాటే. నాలుగు సిమెంటు బస్తాలు ఆ అద్దానికి అడ్డంగా ఆనించినట్టు. వేగం సగమైతే బలం సగం అవ్వదు, నాలుగో వంతు అవుతుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

గాలి కొట్టే వైపు కిటికీ ఒకటి పోయిందంటే పోయింది కిటికీ ఒక్కటే కాదు. ఆ కన్నం లోంచి గాలి ఇంట్లోకి చొరబడి లోపలి నుంచి గోడల్నీ, మిగతా కిటికీల్నీ, పైకప్పునీ బయటికి తోస్తుంది. అదే సమయంలో పైకప్పు మీదుగా పోయే గాలి దాన్ని పైకి లాగుతూ ఉంటుంది. కింద నుంచి తోపు, పై నుంచి లాగుడు. మా లాంటి కాంక్రీటు శ్లాబు తట్టుకుంటుంది. రేకుల కప్పు తట్టుకోదు. పై అంతస్తులో రేకుల షెడ్డు వేసుకున్నవాళ్ల రేకులు ఎక్కడెక్కడికి ఎగిరాయో ఆ రోజు విశాఖలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. మా పడగ్గది తలుపు దానంతటదే మూసుకుని అంత బిగుసుకోవడానికి కారణం కూడా ఈ లోపలి తోపే. గదుల తలుపులన్నీ మూసి ఉంచమని చెప్పేది అందుకే, ఒక గదిలోకి చొరబడిన గాలి ఇల్లంతా పాకకుండా.

"ఎదురుగా ఇంకో కిటికీ తెరవండి, వచ్చిన గాలి బయటికి పోతుంది" అని కింది అంతస్తు పెద్దాయన ఒకరు ఆ రోజు మెట్ల మీద నుంచి కేకేసి చెప్పారు. ఆయన మంచికే చెప్పారు. కానీ కన్ను దాటి గాలి దిక్కు మారాక ఆ తెరిచిన కిటికీయే ఎదురు కిటికీ అవుతుంది.

ఇంకో భ్రమ టేపు. ప్రతి తుఫానుకీ వాట్సాప్‌లో ఒక ఫొటో తిరుగుతుంది, అద్దం మీద ఇంటూ గుర్తులా అంటించిన టేపు. టేపు అద్దానికి బలం ఇవ్వదు. పగిలినప్పుడు చిన్న చిన్న ముక్కలుగా రాలాల్సింది టేపు పట్టుకోవడం వల్ల పెద్ద పెద్ద కత్తుల్లా ఊడి వస్తుంది. అమెరికాలో హరికేన్ల మీద పనిచేసే వాళ్లు టేపు అంటించొద్దని ఏళ్ల తరబడి చెప్తున్నారు. మా కిటికీలాగా రెక్క మొత్తం పట్టా నుంచి ఊడే చోట టేపు ఏం చేస్తుంది? ఊడిన రెక్కకి అలంకారం.

అత్తయ్య పుట్టింటిని నేను పెళ్లయిన కొత్తలో చూశాను. చిన్న కిటికీలు, నిలువు ఇనుప చువ్వలు, లోపలి వైపు రెండు చెక్క రెక్కలు, వాటికి గడియ. వీధి తలుపుకి లోపల అడ్డగడియ, రెండు గోడల్లోని కన్నాల్లోకి దిగేది, చెయ్యంత లావు కర్ర. ఇల్లు చీకటిగా ఉండేది, ఉక్కగా ఉండేది, నాకు నచ్చలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఇంటికి పలకలు వేరే కొట్టక్కర్లేదు, కిటికీలోనే పలకలున్నాయి. గాలి వస్తోందంటే రెక్కలు మూసి గడియ పెట్టడమే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి తోటల్నీ జీడితోటల్నీ నేలకి పరిచినప్పుడు ఆ ఇంటి పెంకులు సగం పోయాయి, పెరట్లో కొబ్బరిచెట్టు ఒక్కటి మిగల్లేదు. కిటికీలు మాత్రం ఉన్నాయి.

పాత ఇళ్లే మేలు అనడం నా ఉద్దేశం కాదు. వెలుతురు కావాలి, సముద్రం కనిపించాలి, అందుకే కదా అంత డబ్బు పోసి అక్కడ కొన్నాం. కానీ చెక్క రెక్క తీసేసి అద్దం పెట్టుకున్నప్పుడు, ఆ రెక్క చేసే ఇంకో పని ఎవరు చేస్తారని మనం ఎవరమూ అడగలేదు. బిల్డరు అడగలేదు, ఇంజనీరు అడగలేదు, కొన్న నేను అసలే అడగలేదు. గ్రానైటు రంగు గురించి మాత్రం మూడు వారాలు చర్చించాను.

సరే, పలకల సంగతి. 2015 వేసవిలో అదే వడ్రంగిని పిలిచాను. మాకు మూడు కిటికీలు, వంటింటిది నాలుగోది. మా చిన్నమ్మ కొడుకు ఫ్లోరిడాలో ఉంటాడు. వాళ్ల గ్యారేజీలో పలకలు నంబర్లు వేసి గోడకి ఆనించి ఉంటాయి. గాలి సీజనులో బయటి వైపు నుంచి, కన్నం కంటే నాలుగు వైపులా నాలుగంగుళాలు ఎక్కువ ఉండేలా పెట్టి గోడకి స్క్రూలతో బిగిస్తాడు. నేనూ అలాగే అనుకున్నాను. వడ్రంగి విని నవ్వాడు. "షీటు వెడల్పు నాలుగడుగులమ్మా. మీ కిటికీ నాలుగడుగులు. నాలుగు వైపులా ఎక్కువ ఎక్కణ్ణించి వస్తది? పైగా మూడో అంతస్తులో బయట నిలబడి బిగించేది ఎవరు, మీరా?"

అతను చూపించిన పద్ధతి మన ఇళ్లకి సరిపోయే పద్ధతి. మన కిటికీలకి ఇనుప గ్రిల్లు ఉంటుంది. గోడ తొమ్మిదంగుళాల మందం, కిటికీ చట్రం అందులో కాస్త బయటి వైపుకి ఉంటుంది, కాబట్టి లోపల ఒక గూడు లాంటి జాగా మిగులుతుంది. పలకని ఆ గూట్లో పట్టేలా, కన్నం కొలత కంటే అరంగుళం తక్కువగా కోస్తే లోపలి నుంచే పెట్టొచ్చు. పలకకి జంటలు జంటలుగా కన్నాలు వేసి, రాడ్ బెండింగ్ పనివాళ్లు వాడే బైండింగ్ వైరుని నాలుగు పేటలు చేసి, కన్నంలోంచి దూర్చి గ్రిల్లు చుట్టూ తిప్పి, కటింగ్ ప్లేయరుతో మెలి పెట్టాలి. డ్రిల్లు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, నిచ్చెన అసలే అక్కర్లేదు. బయటి నుంచి గాలి తోస్తే తీగ లాగి పట్టుకుంటుంది. గాలి అవతలి వైపు నుంచి వచ్చి మన కిటికీని బయటికి లాగితే పలక వెళ్లి గ్రిల్లుకే ఆనుకుంటుంది. నేను ఒక చిన్న మార్పు చేయించాను. తీగ చెక్కని కోసుకుంటూ రాకుండా, లోపలి వైపు అడ్డంగా రెండు చెక్క పట్టెలు పెట్టి వాటి మీదుగా తీగ వచ్చేలా చేయించాను.

గ్రిల్లు లేని కిటికీకి ఇంకో దారి ఉంది. కన్నానికి బయట పలక, లోపల గోడ మీదికి వచ్చేంత పొడుగు పట్టెలు రెండు, ఈ రెండింటినీ కలుపుతూ పొడుగు బోల్టులు. బిగిస్తే గోడ మధ్యలో శాండ్‌విచ్ లాగా పట్టుకుంటుంది. గోడకి ఒక్క కన్నం పెట్టక్కర్లేదు. కానీ బయటి పలక పెట్టాలంటే బయట నిలబడాలి, కాబట్టి కింది అంతస్తుకే.

ప్లైవుడ్ 12 ఎంఎం కంటే పల్చనిది వద్దు, 16 అయితే ఇంకా మేలు. పార్టికల్ బోర్డు, అల్మారా వెనక వేసే పల్చటి చెక్క షీటు లాంటివి తడిస్తే అటుకులే. కమర్షియల్ ప్లై సరిపోతుంది, ఏడాదికి రెండు రోజులు తడిసే దానికి మెరైన్ ప్లై పెట్టక్కర్లేదు. అంచులకి మాత్రం మిగిలిపోయిన పెయింటు రెండు పూతలు పూయండి, నీళ్లు తాగేది అంచే. అప్పట్లో నాకు మూడు షీట్లు, తీగ, పట్టెలు, కూలీ కలిపి తొమ్మిది వేలు దాటలేదు. పలకలు మంచం కింద పడుకుంటాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని ఎర్ర రంగుతో అంకెలు, ఏ అంచు పైకో బాణం గుర్తు. ఈ బాణం అత్తయ్య వేయించింది. మన గోడల్లో ఏ మూలా సరిగ్గా తొంభై డిగ్రీలు ఉండదు కాబట్టి తలకిందులైతే పట్టదు.

వీధి తలుపు సంగతి చాలామంది మర్చిపోతారు. ఇప్పటి ఫ్లష్ డోరుకి ఒక తాళం, పైన ఒక చిన్న బోల్టు. కారిడారులోంచి గాలి తోస్తే ఆ బోల్టు స్క్రూలు ఊడొస్తాయి. కింద కూడా ఒక బోల్టు వేయించి, స్క్రూలు కాస్త పొడుగువి పెట్టించాను. ఆ తలుపుని మాత్రం ఎప్పుడూ చెక్క కొట్టి మూసెయ్యకండి. పలకలన్నీ మూసిన ఇంట్లో కొవ్వొత్తి వెలుగుతూ ఉంటుంది, బయటపడే దారి ఒకటి చేతితో తెరిచేలా ఉండి తీరాలి. ఇన్వర్టరు బదులు చిన్న జెనరేటరు పెట్టుకునేవాళ్లు దాన్ని మూసిన ఇంట్లో ఆన్ చేయకండి, ఆ పొగకి ప్రాణాలు పోతాయి.

ఈ మాటలు ఎవరికి వర్తించవో కూడా చెప్పాలి. పెదజాలారిపేటలో రేకుల ఇంట్లో ఉండేవాళ్లకి పలకలు కొనుక్కోండి అని చెప్తే అది సలహా కాదు, పరిహాసం. వాళ్లు చేయాల్సింది ఇల్లు వదిలి ముందే పునరావాస కేంద్రానికి వెళ్లడం. వాళ్లని తీసుకెళ్లడం ప్రభుత్వం పని. నేను మాట్లాడుతున్నది పక్కా ఇళ్లలో ఉండి, "మనకేం, శ్లాబు ఇల్లు" అనుకునే నా లాంటివాళ్ల గురించి.

ఇన్సూరెన్సు ఉందిగా అంటారు కొందరు. ఉంది. 2021 ఏప్రిల్ నుంచి భారత్ గృహ రక్ష అనే పాలసీని సాధారణ బీమా కంపెనీలన్నీ అమ్ముతున్నాయి, తుఫాను నష్టం అందులోకి వస్తుంది. తీసుకోండి. విరిగిన కిటికీకి అడ్డం పెట్టేముందు నాలుగు ఫొటోలు కూడా తీసుకోండి. కానీ ఆ సొమ్ము కొన్ని వారాల తర్వాత వస్తుంది, వాన ఆ రాత్రే వస్తుంది.

ఇంక అసలు అభ్యంతరం. "పదేళ్లకోసారి వచ్చేదానికి ఇంత టెన్షన్ ఎందుకు మేడమ్?" 2025 అక్టోబరులో మొంథా తుఫాను వస్తోందన్నప్పుడు నేను నాలుగు పలకలూ బిగించాను. అక్టోబరు 28 రాత్రి అది నరసాపురం దగ్గర తీరం దాటింది, గంటకి 90, 100 కిలోమీటర్ల గాలితో, మాకు చాలా దూరంలో. మా అపార్ట్‌మెంటులో ఒక్క అద్దం కూడా చెదరలేదు. మర్నాడు లిఫ్టులో ఒకాయన "మా కిటికీలకి పలకలు లేవు, ఏమీ అవలేదు చూశారా" అన్నారు. చూశాను. ఇందాక గుర్తుపెట్టుకోమన్న ముక్క ఇక్కడిదే. 90 కిలోమీటర్ల గాలి 180 కిలోమీటర్ల గాలిలో సగం కాదు, పావు. ఆ గాలి నేరుగా మా మీదికే వచ్చి ఉన్నా ఆయన కిటికీ మీద పడేది నాలుగు బస్తాలు కాదు, ఒక బస్తా చిల్లర. ఒక బస్తా మోసినవాడు నాలుగు మోస్తాడని ఎవరూ అనరు కదా. చిన్న తుఫానులు మనకి ధైర్యం నేర్పుతాయి, అదే వాటితో వచ్చిన చిక్కు. లిఫ్టులో ఇదంతా చెప్పేలోపు ఆయన ఫ్లోరు వచ్చేసింది.

అసోసియేషన్‌లో మాత్రం పట్టు వదలడం లేదు. నేనడిగేది పెద్దదేం కాదు. ఇరవై ఫ్లాట్లూ ఒకేసారి కొలతలు ఇచ్చి ఒకే చోట షీట్లు కొంటే చవక పడుతుంది. పలకలు పెట్టడానికి సెల్లారులో ఒక స్టాండు. ఒక కట్ట బైండింగ్ వైరు, రెండు కటింగ్ ప్లేయర్లు, ఒక బ్యాటరీ డ్రిల్లు ఉమ్మడిగా. అద్దెకుండేవాళ్లకి ఓనరు కొనివ్వాలని ఒక తీర్మానం. దీనికి బదులుగా వచ్చిన ప్రతిపాదన, కిటికీలన్నిటికీ టఫెన్డ్ గ్లాసు వేయించడం. టఫెన్డ్ గ్లాసు మామూలు దాని కంటే గట్టిది, పగిలితే కోసుకోకుండా గుళికల్లా రాలుతుంది, నిజమే. కానీ రాలాక అక్కడ మిగిలేది కన్నం. గాలికి అడ్డం ఉండాలంటే పగిలినా చట్రంలోనే నిలబడేది కావాలి, రెండు అద్దాల మధ్య పల్చటి పొర అంటించిన లామినేటెడ్ గ్లాసు. దానికి తగ్గ చట్రం కూడా కావాలి, రెక్క పట్టా నుంచి ఊడిపోతే ఏ గ్లాసైనా ఒకటే. ఆ ఖర్చు పలకల ఖర్చుకి ఎన్నో రెట్లు. అది విన్నాక ఆ ప్రతిపాదన కూడా ఆగింది. ఇప్పుడు టఫెన్డూ లేదు, పలకలూ లేవు.

నా ఇంట్లోనూ పని పూర్తి కాలేదు. హాలు నుంచి బాల్కనీలోకి ఆరడుగుల స్లైడింగ్ తలుపు ఉంది, సముద్రం వైపే. దానికి గ్రిల్లు లేదు. దానికి పలక పెట్టాలంటే రెండు ముక్కలు చేసి, బాల్కనీ లోపలి గోడకి ఇప్పుడే, కరెంటున్న రోజుల్లోనే యాంకర్ బోల్టులు దింపి ఉంచుకోవాలి. గోడకి ఎనిమిది కన్నాలు. ఎలివేషన్, అంటే బిల్డింగు బయటి అందం, పాడవుతుందని సెక్రటరీగారు ఒప్పుకోవడం లేదు. బోల్టు తలలకి గోడ రంగే వేయిస్తానన్నాను. ఎండాకాలం మీటింగులో చూద్దామన్నారు. హుద్‌హుద్ రోజు ఆ తలుపుకి అడ్డం పెట్టింది మా బీరువా. ఇప్పుడు ఆ బీరువా లేదు, కిందటేడు బాబు పై చదువులకి వెళ్తున్నప్పుడు ఇల్లు సర్ది అమ్మేశాం.